ప్రింటర్ వేడికి ఎంజైమ్ మాడిపోతుందా?

కొన్నాళ్లుగా విశాఖలో వాకర్స్ గ్రూపుల నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపుల దాకా ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "షుగర్ స్ట్రిప్‌ల మీద ఎంజైమ్‌ను ఇంక్‌జెట్ ప్రింటర్‌తో వేస్తున్నారు. ప్రింటర్ లోపల 300 డిగ్రీల వేడి. ఎంజైమ్ 60 డిగ్రీలకే పాడైపోతుంది. వేడి లేని ప్రింటర్ అయితే ఏ నష్టమూ ఉండదు, కానీ కంపెనీలు ఖర్చుకు జడిసి వాడవు. ప్రింటర్‌తో అయ్యే పనే అయితే ఇంట్లోనే వేసుకోవచ్చుగా? ఈ స్ట్రిప్‌లన్నీ దండగ, మీటరు చూపించేది ఉత్త అంకె." కింద, పది మందికి పంపమని మామూలు విన్నపం.

నాది ఎంజైమ్‌లతో, అంటే రసాయన చర్యలు నడిపించే ప్రోటీన్‌లతో, పని కాబట్టి దీన్ని చాలామంది నాకే పంపారు. మా పై అంతస్తు పెద్దాయన అయితే "ఏటమ్మా, నిజవేనా ఇది?" అని అడిగి ఊరుకోలేదు, పొద్దున్నే షుగర్ చూసుకోవడం కూడా మానేశారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ప్రింటర్ లోపల 300 డిగ్రీలు." అంకె నిజమే, దాని నుంచి లాగిన అర్థమే తప్పు. ఇంక్‌జెట్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. హెచ్‌పీ, కానన్ ఎక్కువగా వాడే పద్ధతిలో నాజిల్ దగ్గర, అంటే చుక్క బయటికొచ్చే సన్నటి రంధ్రం దగ్గర, ఒక చిన్న హీటర్ ఉంటుంది. దానికి కరెంటు అందేది ఒకటి రెండు మైక్రోసెకన్ల సేపు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షో వంతు). ఆ క్షణంలో హీటర్ ఉపరితలం 300 డిగ్రీల దాకా వెళ్తుంది, దాన్ని తాకి ఉన్న పల్చటి పొర ఆవిరి బుడగ అవుతుంది, ఆ బుడగ మిగతా ద్రవాన్ని బయటికి నెడుతుంది. మరి ఆ వేడి ఎంత దూరం పాకుతుంది? నీళ్లలో వేడి పాకే వేగం మనకు తెలుసు. లెక్క కడితే రెండు మైక్రోసెకన్లలో సుమారు అర మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). హీటర్ మీదున్న ద్రవం లోతు పదుల మైక్రాన్లు. అంటే ఆ వేడి సెగ తగిలేది నూటికి ఒకటి రెండు వంతులకే. హారతి మీద అరచెయ్యి తిప్పి కళ్లకద్దుకుంటే చెయ్యి కాలదు కదా, ఇదీ అంతే. చుక్క మొత్తంగా వేడెక్కేది 4 నుంచి 10 డిగ్రీలని పరిశోధకులు చెప్తారు. మన మే నెలలో ఏసీ లేని గదిలో, 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టినా 45 దాటదు.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 1988లోనే క్లీబ్ అనే శాస్త్రవేత్త హెచ్‌పీ ప్రింటర్‌తో ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌ను ముద్రించి, దాని మీద కణాలు అతుక్కునేలా చేశారు. 2005లో ఇటలీలో సెట్టి బృందం ఇదే హీటర్ పద్ధతిలో గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను, అంటే చాలా షుగర్ స్ట్రిప్‌లలో ఉండే ఎంజైమ్‌నే, ముద్రించి పనిచేసే గ్లూకోజ్ సెన్సర్ నమూనా తయారు చేసింది. అదే ఏడాది అమెరికాలో బోలాండ్ బృందం ఇలాంటి ప్రింటర్లతో బతికున్న కణాలనే ముద్రించింది, వాటిలో అత్యధిక భాగం బతికే ఉన్నాయి. ఎంజైమ్‌లు మాడిపోయే చోటు నుంచి కణం బతికి బయటపడదు.

"60 డిగ్రీలకే పాడైపోతుంది." ఎంతసేపు అన్నది మెసేజ్‌లో లేదు. ఎంజైమ్‌ను నీళ్లలో కలిపి, ఆ వేడి దగ్గర నిమిషాల తరబడి ఉంచి చూసే పరీక్షల నుంచి వచ్చే అంకెలివి. ఇక్కడ మాట్లాడుతున్నది ఒకటి రెండు మైక్రోసెకన్ల గురించి.

"వేడి లేని ప్రింటర్ అయితే ఏ నష్టమూ ఉండదు." మెసేజ్‌లో పైకి తెలివైన మాటలా కనిపించేది ఇదొక్కటే, కానీ నాకు అన్నిటికన్నా అభ్యంతరం దీని మీదే. ఎప్సన్ వాడే పీజో పద్ధతిలో హీటర్ ఉండదు. వోల్టేజీ ఇస్తే ఒక స్ఫటికం వంగి ద్రవాన్ని నొక్కుతుంది. 2004లో నిషియోకా బృందం పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ను ఇలా నొక్కి ముద్రిస్తే, నొక్కే వేగం పెరిగేకొద్దీ దాని యాక్టివిటీ, అంటే పనిచేసే శక్తి, పడిపోయింది. ట్రెహలోజ్, గ్లూకోజ్ లాంటి చక్కెరలు కలిపితే ఆ నష్టం తగ్గింది. వేడి లేకపోయినా దెబ్బ తగిలింది, హెడ్ (చుక్కలు వదిలే భాగం) మార్చకుండానే ఇంకు, అంటే ఎంజైమ్ కలిపిన ద్రవం, మార్చి దాన్ని తగ్గించగలిగారు. అసలు విషయం అక్కడుంది: ఎంజైమ్ బాగోగులు తేలేది హెడ్‌లో కన్నా ఇంకులో, ఆరే పొరలో.

ఒక మిల్లీలీటరు ఇంకును 10 పికోలీటర్ల (పికోలీటరు అంటే మిల్లీలీటరులో వంద కోట్లో వంతు) చుక్కలు చేస్తే 10 కోట్ల చుక్కలవుతాయి. వాటన్నిటి ఉపరితలం కలిపితే 0.2 చదరపు మీటర్లు దాటుతుంది. ప్రోటీన్‌కు గాలీ నీరూ కలిసే చోటు పడదు, అక్కడికి చేరి మడతలు విప్పేసుకుంటుంది. చుక్క గాల్లో ఉండేది మిల్లీసెకను కన్నా తక్కువే, కాబట్టి అక్కడ పోయేది తక్కువ. ఇంకు కలిపేటప్పుడు ట్యూబును గబగబా ఊపితే పైన తెల్లటి నురగ కడుతుంది చూడండి, అందులో పోయేది ఎక్కువ. అందుకే మేం ట్యూబును ఊపం, మెల్లగా తిరగేస్తాం. తర్వాత 0.2 మైక్రాన్ల ఫిల్టరు గుండా పంపుతాం, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ప్లాస్టిక్ గోడలకు ఎంజైమ్ అంటుకోకుండా, ఉపరితలాన్ని ముందే ఆక్రమించేలా కొంచెం అల్బుమిన్ అనే ప్రోటీనో, ట్వీన్ అనే సబ్బులాంటి పదార్థమో కలుపుతాం. పీజో హెడ్‌కు నీళ్ల కన్నా చిక్కటి ద్రవం కావాలి, అందుకని గ్లిసరాల్ లాంటివి కలపాలి. ఆ చిక్కదనం తెచ్చే పదార్థాల్లోనూ ఎంజైమ్‌కు పడేవీ పడనివీ ఉన్నాయి.

ముద్రించిన చుక్క బతికుందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. గ్లూకోజ్, పెరాక్సిడేజ్, ఏబీటీఎస్ అనే రంగు పదార్థం కలిపిన ద్రావణం పోస్తే ఆకుపచ్చ రంగు తేలుతుంది. అదే ఇంకును ప్రింటర్‌లో పెట్టకుండా పిపెట్‌తో (కొలిచి వేసే గొట్టంతో) అంతే మోతాదులో వేసి, రెండు రంగులూ ఎంత వేగంగా ముదురుతున్నాయో రంగు కొలిచే మీటరుతో పోల్చాలి. ఎంత శాతం పోయిందో అక్కడ తేలుతుంది. మెసేజ్ రాసినాయన ఈ పోలిక ఊసే ఎత్తలేదు.

"ఇంట్లోనే వేసుకోవచ్చుగా?" ల్యాబుల్లో ఆఫీసు ప్రింటర్ల కాట్రిడ్జ్‌లు కడిగి వాడినవాళ్లున్నారు. కానీ డాబాగార్డెన్స్‌లో రీఫిల్ చేయించిన కాట్రిడ్జ్‌లో మిగిలే పాత రంగు, సాల్వెంట్ల సంగతేంటి? అవన్నీ పోయాయనుకున్నా, ఆ స్ట్రిప్ ఇచ్చే సిగ్నల్ ఎన్ని మిల్లీగ్రాముల షుగర్‌కు సమానమో ఎవరు చెప్పాలి? వద్దు బాబూ.

"స్ట్రిప్‌లన్నీ దండగ." అసలు స్ట్రిప్‌లన్నీ ఇంక్‌జెట్‌తో చేసినవి కావు. చాలావాటి ఎలక్ట్రోడ్‌లు స్క్రీన్ ప్రింటింగ్‌తో వేస్తారు, ఎంజైమ్ పొర వేయడానికి రకరకాల పద్ధతులున్నాయి. ఏ పద్ధతిలోనైనా కొంత యాక్టివిటీ పోతుంది, దానికి తగ్గట్టు ఎంజైమ్‌ను అవసరానికి మించే వేస్తారు. బ్యాచ్ తయారయ్యాక, తెలిసిన గ్లూకోజ్ నమూనాలతో పోల్చి అంకెలు సరిచేస్తారు. కాబట్టి కొంత పోయిందా అన్నది కాదు, ప్రతి స్ట్రిప్‌లోనూ ఒకేలా మిగిలిందా అన్నదే చూడాలి.

మన ఊళ్లో స్ట్రిప్‌కు నిజమైన శత్రువు సముద్రపు తేమ. ఆ డబ్బాలో తేమ పీల్చే పదార్థం ఉండేది అందుకే. మూత తెరిచి వంటింటి గట్టు మీద వదిలేసినా, స్ట్రిప్‌లు తీసి పర్సులో వేసుకున్నా ఆ రక్షణ పోతుంది. అప్పుడు వచ్చే తప్పు అంకెకు ప్రింటర్‌ను తిట్టి లాభం లేదు.

మీటరు మీద అనుమానం ఉంటే దాని కంపెనీ అమ్మే కంట్రోల్ సొల్యూషన్ (గ్లూకోజ్ ఎంత ఉందో ముందే తెలిసిన ద్రవం) ఒక చుక్క వేయండి, అంకె డబ్బా మీద రాసిన హద్దుల్లో ఉండాలి. లేదా ల్యాబులో రక్తం ఇచ్చేటప్పుడే, ఏమీ తినకముందు, అక్కడే మీటరుతోనూ చూసుకోండి. ఐఎస్ఓ 15197 అనే 2013 నాటి ప్రమాణం ప్రకారం షుగర్ 100 లేదా అంతకు మించి ఉన్నప్పుడు 95 శాతం ఫలితాలు ల్యాబు విలువకు 15 శాతం అటూఇటూ లోపల ఉండాలి, 100 లోపైతే 15 మిల్లీగ్రాముల తేడా లోపల. ల్యాబులో 180 వచ్చి మీటరులో 165 వస్తే స్ట్రిప్ బాగానే ఉన్నట్టు. 180కి 110 చూపిస్తే ముందు ఎక్స్‌పైరీ తేదీ చూడండి, కొత్త డబ్బాతో మళ్లీ పరీక్షించండి. అప్పటికీ అంతే వస్తే మీటరు మార్చండి, మందు మోతాదు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.