నీటికి పరీక్ష సరే, నేలకో?

చమురు బావుల్లోంచి పైకొచ్చే ఉప్పునీటిని శుద్ధి చేసి పొలాలకు మళ్లించాలన్న ఆలోచన పైకి ముచ్చటగానే ఉంటుంది. గుంటూరు నల్లరేగడి మీద మాత్రం ఆ నీరు పారించకూడదు.

మన నిబంధనల ప్రకారం చమురు పరిశ్రమ నేలపై వదిలే నీటిలో లీటరుకు నూనె 10 మి.గ్రా., కరిగిన లవణాలు 2100 మి.గ్రా. దాటకూడదు. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియంలతో కలిపి లెక్కిస్తే సోడియం వాటా 60 శాతం మించకూడదు. ఈ 2100 అంటే, ఉప్పదనాన్ని విద్యుత్ వాహకతతో కొలిచే ఈసీ మీటరు మీద 3.3 దగ్గర. మిరప వేరు దగ్గర ఈసీ 1.5 దాటగానే దిగుబడి జారడం మొదలవుతుంది.

అసలు ప్రమాదం సోడియంతో. రెండు నీళ్లున్నాయి, రెంటిలోనూ లవణాలు లీటరుకు 20 మిల్లీ ఈక్వివలెంట్లే (అయాన్ల ఆవేశాన్ని బట్టి లెక్కించే కొలత) అనుకుందాం. ఒకదాంట్లో సోడియం 10, కాల్షియం, మెగ్నీషియం కలిపి 10. రెండోదాంట్లో సోడియం 18, మిగతావి 2. మీటరు రెంటికీ దాదాపు ఒకే అంకె చూపుతుంది. కాల్షియం, మెగ్నీషియంలతో పోలిస్తే సోడియం ఎంత ఎక్కువో చెప్పే సోడియం శోషణ నిష్పత్తి మాత్రం మొదటిదానికి 4.5, రెండోదానికి 18. ఆ రెండో నీటిలోని సోడియం బంకమట్టి రేణువుల మీది కాల్షియాన్ని నెట్టేసి కూర్చుంటుంది. ఉప్పునీరు పారుతున్నంతకాలం మట్టి చెదరదు. తొలకరికి లవణం కడుక్కుపోతుంది, సోడియం మిగిలిపోతుంది. అప్పుడు రేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుంటాయి. పైన నీరు నిలుస్తుంది, ఆరితే పెచ్చుకడుతుంది. వేసవిలో చూసినవాడికి ఏమీ కనబడదు! గాజు గ్లాసులో వాననీళ్లు పోసి బఠానీ గింజంత ఎండు మట్టిపెళ్లను కదపకుండా వదలండి. దాని చుట్టూ పాలలాంటి మబ్బు లేస్తే కారు చౌడు, అంటే సోడియం పట్టి నేల పాడవడం, మొదలైనట్టే.

కాలిఫోర్నియాలోని కెర్న్ ప్రాంతంలో పాతికేళ్లకు పైగా ఇలాంటి నీటితో పండిస్తున్నారు కదా అంటారు. అక్కడి నీటిలో ఉప్పు తక్కువ, పైగా మంచినీళ్లు కలుపుతారు. అయినా ఆ నేలల్లో ఉప్పు, బోరాన్ కొంత పేరుకున్నట్టు తేలింది.

బాగుచేయడం తేలిక కాదు. బరువైన రేగడిలో మట్టి రేణువులు పట్టుకున్న సోడియం వాటాను 15 శాతం నుంచి 10కి దించాలంటే, పై 15 సెంటీమీటర్లకే కాల్షియాన్ని తిరిగి ఇచ్చే జిప్సం ఎకరాకు దాదాపు రెండు టన్నులు కావాలి. ఆ తర్వాత కడగడానికి మంచినీరు, అది దిగిపోవడానికి మురుగుదారి కూడా ఉండాలి. రేగడిలో ఆ దారే ఉండదు.

ఇంతకంటే పెద్ద లోపం మన కొలతల్లోనే ఉంది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు పరీక్షలున్నాయి. పీహెచ్ ఉంది, ఈసీ ఉంది, బోరాన్ కూడా ఉంది. సోడియం లేదు. చమురు నీరైనా, విజయవాడ మురుగు శుద్ధి కేంద్రం నీరైనా, పైపు చివర సీసా నింపుకొని నేలను అడగకుండానే ‘సురక్షితం’ అని రాసేస్తున్నాం. ఆ కార్డులో పదమూడో గడి సోడియానిదై ఉండాలి. నీరు వదలకముందు, మళ్లీ వానలు వెళ్లాక 0-15, 15-30 సెంటీమీటర్ల మట్టి తీసి ఆ గడి నింపాలి.