టెకాంగ్ దీవిలో మా అబ్బాయి

మా అబ్బాయి సింగపూర్‌లో నేషనల్ సర్వీస్‌లో, అంటే ఇక్కడి మగపిల్లలు తప్పనిసరిగా చేయాల్సిన రెండేళ్ల సైనిక సేవలో చేరిన రోజు మేమూ వాడితో పాటు ఫెర్రీ ఎక్కి పులావ్ టెకాంగ్ దీవి దాకా వెళ్లాం. పిల్లలందరూ వరసగా నిలబడి ప్రతిజ్ఞ చేశారు. తర్వాత వాళ్లు రోజూ తినబోయే భోజనశాలలోనే మాకూ అన్నం పెట్టారు. మా ఆవిడ ప్లేటులో అన్నం అలాగే ఉండిపోయింది. కొన్నాళ్లకి మొదటిసారి ఇంటికి పంపినప్పుడు వాడు గుండుతో గుమ్మంలో నిలబడితే, మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి "తిరుపతి ఎప్పుడెళ్లారే, ఒక్క మాటైనా చెప్పలేదు" అన్నారు. ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని మూడుసార్లు వడ్డించుకుని తిని, కూర్చున్నచోటే నిద్రపోయాడు.

మగపిల్లలున్న ఇక్కడి మన తెలుగు ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది: "ఇక్కడ యుద్ధమేముంది, రెండేళ్లు దండగ కాదా?" తల్లిదండ్రులతో పాటు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చిన కొడుకులకీ సర్వీసు తప్పదు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఈ లెక్క అందరూ వేసుకుంటారు. నేనూ వేసుకున్నాను, ఆ మాట పైకే అన్నాను కూడా. ఇప్పుడు అనను.

ఆర్చర్డ్ రోడ్డులో, ధోబీ ఘాట్ స్టేషన్‌కి దగ్గర్లో మెక్‌డొనాల్డ్ హౌస్ అని ఎర్ర ఇటుకల భవనం ఉంది, మనం రోజూ చూసి పట్టించుకోకుండా పోయేదే. 1965 మార్చి 10న ఇండోనేషియా నౌకాదళ సైనికులిద్దరు మామూలు బట్టల్లో వచ్చి అందులో బాంబు పెట్టారు. ముగ్గురు చనిపోయారు, 33 మంది గాయపడ్డారు. అప్పటికి సింగపూర్ ఇంకా మలేషియాలో భాగం. అయిదు నెలల్లో విడిపోయి ఒంటరిదైంది. 1968లో ఆ ఇద్దరినీ ఉరి తీశారు. ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో స్వయంగా క్షమాభిక్ష అడిగినా ఆపలేదు, జకార్తాలో జనం సింగపూర్ రాయబార కార్యాలయం మీద పడ్డారు. అదే ఇండోనేషియాతో కలిసి అంతకు ముందు ఏడాదే, 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో సింగపూర్ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ స్థాపన పత్రం మీద సంతకం పెట్టి ఉంది! ఇంత జరిగినా అందులోంచి ఎవరూ బయటికి పోలేదు. 1973లో సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ జకార్తా వెళ్లి ఆ ఇద్దరి సమాధుల మీద పూలు చల్లారు.

నాకు ఈ కథ దగ్గరే మనసు ఆగిపోతుంది. శిక్ష విషయంలో వెనక్కి తగ్గలేదు, పక్కింటివాడితో మాటా మానుకోలేదు. ఇల్లు మార్చుకోవచ్చు గానీ దేశాన్ని ఎత్తి వేరేచోట పెట్టలేం కదా. బ్రిటిష్ సైన్యం వెళ్లిపోతున్నప్పుడు 1971లో మలేషియా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌తో చేసుకున్న అయిదు దేశాల రక్షణ ఏర్పాటు కూడా అలాంటిదే. దాడి జరిగితే కలిసి సంప్రదించుకుంటామన్నదే అందులో మాట, వచ్చి యుద్ధం చేసి తీరతామన్న హామీ లేదు. అయినా ఇన్నేళ్లుగా కలిసి విన్యాసాలు చేస్తూనే ఉన్నారు.

ఇవన్నీ పెద్దవాళ్ల సమావేశాలు, మనకేం ఒరిగింది అనుకునేవాళ్లకి మలక్కా జలసంధి సంగతి చెప్పాలి. సింగపూర్ దగ్గర అది మూడు కిలోమీటర్ల కన్నా సన్నబడుతుంది. సముద్రపు దొంగలు ఒక దేశం నీళ్లలో ఓడ మీద పడి పక్క దేశం నీళ్లలోకి జారుకుంటే, తరిమే పడవ సరిహద్దు దగ్గర ఆగిపోవాల్సిందే. 2005లో లండన్ బీమా కంపెనీల కమిటీ ఈ జలసంధిని యుద్ధ ప్రమాదం ఉన్న ప్రాంతాల జాబితాలో పెట్టేసింది. అప్పటికే, 2004లో, ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ గస్తీని సమన్వయం చేసుకోవడం మొదలుపెట్టాయి. ఎవరి నీళ్లలో వాళ్లే తిరుగుతారు, కానీ సమాచారం వెంటనే పక్కవాడికి చేరుతుంది, పైనుంచి విమానాల్లోనూ కాపలా కాస్తారు. 2006 ఆగస్టులో ఆ జాబితాలోంచి పేరు తీసేశారు. షిప్పింగ్‌లో, చమురు వ్యాపారంలో, లాజిస్టిక్స్‌లో ఉద్యోగాలు చేస్తూ ఇక్కడ ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు ఎంతమంది లేరు? ఆ జీతాలు ఈ దారి మీదుగానే వస్తున్నాయి.

2022లో ఉక్రెయిన్ మీద దాడి చేసిన రష్యా మీద సింగపూర్ ఆంక్షలు పెట్టినప్పుడు మన స్నేహితుల మధ్య బాగా వాదనలయ్యాయి. ఐక్యరాజ్యసమితిలో ఇండియా ఓటింగుకి దూరంగా ఉంది, ఇంత చిన్న దేశానికి ఎందుకీ తలనొప్పి అని. చిన్న దేశం కాబట్టే అని నా అభిప్రాయం. పెద్దది చిన్నదాన్ని మింగితే తప్పు కాదు అని ఒకసారి ఊరుకుంటే, రేపు తనవంతు వచ్చినప్పుడు నోరెత్తడానికి ఉండదు. 1983లో గ్రెనడా అనే చిన్న దీవి దేశం మీదికి అమెరికా సైన్యాన్ని పంపితే, అమెరికా స్నేహితుడే అయినా, ఐక్యరాజ్యసమితిలో సింగపూర్ దానికి వ్యతిరేకంగానే ఓటేసింది. 1992లో పదహారు దేశాలతో అక్కడ సింగపూర్ మొదలుపెట్టిన చిన్న దేశాల వేదికలో ఇప్పుడు వందకు పైగా దేశాలున్నాయి.

ఆసియాన్‌తో అన్నీ అయిపోతాయని నేననను. అందరూ ఒప్పుకుంటే గానీ అడుగు కదలదు. మయన్మార్‌లో 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక హింస ఆపాలని అయిదు అంశాల ఒప్పందం రాసుకున్నారు, హింస ఆగలేదు. ఒప్పందం కాగితం మీదే మిగిలిపోయే రోజు కూడా ఉంటుంది కాబట్టే 1967 నుంచి ఇక్కడి పిల్లలు తుపాకీ పట్టుకోవడం నేర్చుకుంటున్నారు. వట్టి చేతులతో వచ్చినవాడిని ఉమ్మడి గస్తీకి ఎవరూ పిలవరు. మా అబ్బాయి రెండేళ్లు దండగ కాదని ఇప్పుడంటున్నది అందుకే.

2024 అక్టోబరులో ఇండియా, సింగపూర్ నౌకాదళాల సింబెక్స్ విన్యాసాలకి ఇక్కడి టెనేషియస్ నౌక మన విశాఖపట్నం వెళ్లింది. 1994 నుంచి సాగుతున్న విన్యాసాలివి. ఆ ఫోటోలు మా అబ్బాయికి చూపించి, చిన్నప్పుడు నేను ఆర్కే బీచ్‌లో నిలబడి యుద్ధనౌకలు చూసిన సంగతి చెప్పాను.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. ఈసారి ఉగాది సభలో సర్వీసులో ఉన్న మన పిల్లల్ని వేదిక మీదికి పిలిచి, ఒక అరగంట మైకు వాళ్లకివ్వండి. తెలుగులోనో ఇంగ్లీషులోనో, వచ్చినట్టు మాట్లాడనివ్వండి. వచ్చే ఏడాది కొడుకుని టెకాంగ్ పంపబోయే తల్లిదండ్రులకి ముందు వరసలో కుర్చీలు వేద్దాం.