శ్వాస మీద ధ్యాస పెట్టమన్న యాప్‌కి

చిరంజీవి యాప్‌ని ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. క్షేమంగా ఉంటే నువ్వు నా ఫోన్‌లోకి వచ్చేదానివే కాదు.

నిన్ను వేసుకోమన్నది నా డిప్రెషన్‌కి మందిస్తున్న డాక్టరుగారే. "మాత్రలు మానొద్దు, నెలకోసారి రండి, మధ్యలో ఇది కూడా చేసి చూడండి" అన్నారు. ఆ "కూడా" నీకు వినపడినట్టు లేదు. విస్తట్లో పచ్చడిలా ఓ మూల ఉంటావనుకుంటే, వచ్చిన రోజే అన్నం పప్పూ అన్నీ నువ్వే అన్నట్టు కూర్చున్నావు. మాత్ర పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని ఆయన ముందే చెప్పారు. నువ్వు మూడు నిమిషాల్లో ప్రశాంతత అన్నావు. అందులో మొదటి నిమిషం ప్రకటన.

ఓ పొద్దున "చుట్టూ వినిపించే శబ్దాలను గమనించండి" అన్నావు. గమనించాను. కుక్కర్ మూడో విజిల్, పై వాటా వాళ్ల మోటారు, చెత్త బండి పాట, వంటింట్లోంచి అమ్మ. "ఊపిరి పీల్చుకోమని చెప్పడానికి నెలకి మూడొందలా? పక్కింటి పిరమిడ్ ధ్యానం ఆయన ఊరికే చెప్తాడు కదరా!" శబ్దాలు వచ్చిపోతుంటాయన్నావు. మిగతావి పోయాయి, అమ్మ మాత్రం గరిటెతో అక్కడే నిలబడింది.

నీ వంశం గొప్పదే, కాదనను. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ నొప్పులతో బాధపడే రోగులకి శ్వాస మీద ధ్యాస నిలిపే ఈ పద్ధతి, అదే మైండ్‌ఫుల్‌నెస్, నేర్పడం మొదలుపెట్టాడు. తర్వాత డిప్రెషన్ మళ్లీ మళ్లీ తిరగబెట్టేవాళ్ల కోసం ఎనిమిది వారాల కోర్సు వచ్చింది. వారం వారం నలుగురూ కూర్చుంటారు, ఎదురుగా నేర్పే మనిషి ఉంటాడు. తిరగబెట్టడం తగ్గుతుందని పరిశోధనలు తేల్చింది ఆ కోర్సు గురించి. తాతలు నేతులు తాగారు, నువ్వు మూతి వాసన చూపిస్తున్నావు.

అసలు గొడవ ఆ మంగళవారానిది. పక్క మీంచి లేవలేకపోయాను. మంచినీళ్ల గ్లాసు చెయ్యి చాపితే అందుతుంది, ఆ చాపడమే కాలేదు. సాయంత్రం నాలుగింటికి మోగావు: "అయ్యో! మీ 11 రోజుల వరస తెగిపోయింది." కింద వాడిపోయిన తామరపువ్వు బొమ్మ. ఆ రోజు నాకు తెగిపోయినవి చాలానే ఉన్నాయి, లెక్కలో దీన్నీ చేర్చావు. నిజానికి నువ్వే నాకు దండం పెట్టాలి. 2019 నాటి ఓ పరిశోధన ప్రకారం, మీ జాతి యాప్‌లు వేసుకున్నవాళ్లలో నెల తిరిగేసరికి ఇంకా తెరిచేది నూటికి ముగ్గురు నలుగురే.

మర్నాడు ఐదు మొహాల బొమ్మలు చూపించి ఎలా ఉన్నారన్నావు. డాక్టరుగారు అలా అడగరు. నిద్ర పడుతోందా, తింటున్నారా, చచ్చిపోవాలనిపిస్తోందా అంటారు, సూటిగా. మూడోదానికి నీ దగ్గర బొమ్మ లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే రాత్రయినా పగలయినా తెలుగులో మనిషి పలుకుతారు. ఆ నంబరూ నీలో ఎక్కడా లేదు. తామరపువ్వు రంగు మార్చుకునే సదుపాయం మాత్రం ఉంది.

ఒక్కటి ఒప్పుకోవాలి. రాత్రి మూడింటికి మెలకువొచ్చి, ఎప్పటివో మాటలు తవ్వుకుంటూ పడుకున్నప్పుడు, అరికాళ్ల నుంచి మొదలయ్యే నీ పది నిమిషాల ఆడియో రెండుసార్లు నిద్రపుచ్చింది. అది ఉచితంగానే వస్తుందట. అందుకే నిన్ను ఉంచుకుంటున్నాను. ఆటోపే తీసేశాను, నోటిఫికేషన్లు ఆపేశాను. రాత్రి తొమ్మిదికి ఒక్క అలారం మోగుతుంది. అది మాత్రకి.

ఇట్లు,
వరస తెగినవాడు