గాలివాన ఏడు పోసిందిలే!

ప్రపంచ వైద్యశాస్త్రాన్నంతా ఒక్క మాటతో కొట్టిపారేసే అధికారం మన జిల్లాలో ఒక్కరికే ఉంది. అమ్మకి. "నీకు తట్టు చిన్నప్పుడే పోసిందిలే" అంటుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

డల్లాస్‌లో మా చెల్లెలికి నెల కింద కొడుకు పుట్టాడు. అమ్మనూ, తోడుగా నన్నూ రమ్మంది. వీసాలైపోయాయి, టిక్కెట్లైపోయాయి, కందిపొడి మూటలు తూకం వేస్తున్నాం. అప్పుడు ఫోను. "2025లో మా టెక్సాస్‌లోనే తట్టు లేచి ఇద్దరు పిల్లలు పోయారన్నా. వీడికి ఏడాది నిండితేగానీ మామూలుగా తట్టు టీకా వెయ్యరు. నువ్వూ అమ్మా ఆ టీకా, అదే ఎంఎంఆర్, వేయించుకున్న కార్డు చూపిస్తేనే బిడ్డను చేతికిస్తా."

కార్డు! 1983లో కావలిలో పుట్టినవాణ్ణి కార్డు అడుగుతోంది. పిల్లలందరికీ టీకాలని దేశంలో సర్కారు కార్యక్రమం మొదలైందే 1985లో. తట్టు టీకా పట్టికకెక్కిందీ అప్పుడే. రెండో సూది పెట్టడానికి 2010 దాకా ఆగారు. నా కార్డు దొరకాలంటే ముందు అది పుట్టి ఉండాలి గదా.

కనుక పెద్దలు విచారణకు కూర్చున్నారు. స్థలం, మా ఇంటి అరుగు. న్యాయమూర్తి మా కందుకూరు మామ. ప్రధాన సాక్షి అమ్మ. నిపుణుడు మా వీధి ఆరెంపీ. వస్తుసాక్ష్యం నేను.

"వీడికి తట్టు పోసిందా లేదా?" అన్నాడు మామ.

"ఎందుకు పొయ్యలా! గాలివాన ఏడు పోసింది. నాకు బాగా గుర్తుండాది."

"ఏ గాలివాన?"

నెల్లూరు జిల్లావాళ్ళకు క్యాలెండర్లు దండగ, తుఫాన్లున్నాయి. 1984 నవంబర్లో శ్రీహరికోట దగ్గర తీరం దాటిందా, 1989 నవంబర్లో మా కావలి నెత్తినే పడిందా? మొదటిదైతే నాకు ఏడాది. రెండోదైతే ఆరేళ్ళు. అమ్మ కాసేపు కళ్ళు మూసుకుని, "మన వంటింటి రేకులెగిరిపొయినయ్యే, ఆ ఏడు" అంది. రేకులు రెండుసార్లూ ఎగిరాయి.

"పొక్కులెట్టా ఉండాయి? నీళ్ళ పొక్కులా, సన్న దద్దుర్లా?"

ఇది మంచి ప్రశ్నే. నీళ్ళ పొక్కులైతే ఆటలమ్మ. నాలుగు రోజులు జ్వరం కాసి, దగ్గి, కళ్ళెర్రబడి, ఆ తర్వాత మొహం మీద ఎర్రగా లేచి కిందికి దిగితే తట్టు. అమ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. "వేపాకు పరిచి పండబెట్టినా" అంది ఖరాఖండిగా. మామ తలూపాడు. వేపాకు తిరుగులేని సాక్ష్యమే. కాకపోతే మా ఇంట్లో తట్టుకూ వేపాకే, ఆటలమ్మకూ వేపాకే, గజ్జికీ వేపాకే, ఉగాదికీ వేపాకే.

ఇంతలో పిన్ని లేచింది. "వాడిగ్గాదక్కా! పోసింది మా పెద్దోడికి. నీ కొడుక్కు దవడలు వాచినయ్. గవదబిళ్ళలు. పసుపూ సున్నమూ పట్టేసింది నేనే గదా." ఎంఎంఆర్‌లో మొదటి ఎం తట్టైతే రెండో ఎం గవదబిళ్ళలే గనుక విచారణ మరీ దారి తప్పిందని అనలేను. అయితే ఇప్పుడు కేసు రెండైంది. పిన్ని కొడుక్కు పోసిందా, నాకు పోసిందా, ఇద్దరికీ పోస్తే ఒకే వేపమండ మీద పండబెట్టారా అని అరగంట నడిచింది. పెద్దోడికి పూనాకి ఫోను కలిపారు. వాడు మీటింగులో ఉన్నాడు. మీటింగులోనే, "నాకు టైఫాయిడ్ వచ్చింది పెద్దమ్మా" అన్నాడు.

ఆరెంపీ గారిని అభిప్రాయం అడిగారు. "ఒక బాటిలెక్కిద్దాం, నీరసం తగ్గుద్ది" అన్నాడు. ఎవరికి నీరసం అన్నాను. "ఎవరికైనా" అన్నాడు. అప్పటిదాకా అరుగు మీద వినబడ్డ మాటల్లో అబద్ధం కానిది అదొక్కటే.

ఇక మామ చొక్కా జబ్బ దాకా మడిచాడు. "కార్డులు కార్డులంటారే, ఇదిగో నా కార్డు" అని గవ్వంత మచ్చ చూపించాడు. నా జబ్బ మీద కూడా ఒకటుంటే దాన్నీ తడిమి, "వీడికీ ఉండాదే, ఇంకేంది!" అన్నాడు. మామది మశూచి టీకా మచ్చ. దేశంలోంచి మశూచి పోయిందని 1977లోనే చాటారు. నాది క్షయకు వేసే బీసీజీ మచ్చ. తట్టు టీకా ఇలాంటి మచ్చ మిగల్చదు. ఈ సంగతి చెబితే మామ చొక్కా దించుకుని, "మచ్చ పడని టీకా ఏం టీకారా" అన్నాడు.

అమెరికావాళ్ళకు ఇంకో లెక్కుంది. 1957కు ముందు పుట్టినవాళ్ళకు చిన్నప్పుడే తట్టు వచ్చి పోయి ఉంటుందని వదిలేస్తారు. మామ పుట్టింది 1955లో. బళ్ళో పంతులు రాసింది 1 జూలై 1958. ఆ మూడేళ్ళ పుణ్యాన ఉద్యోగం మూడేళ్ళు ఎక్కువ చేశాడు. ఇప్పుడు నిజం ప్రకారం మామకు సూది అక్కర్లేదు, రికార్డు ప్రకారం కావాలి. "నాకెందుకురా ఆ లెక్కలు, నేనేమన్నా వస్తుండానా?" అని విసుక్కుని, ఆ పైన ఆ మాట అననే అన్నాడు.

"మా రోజుల్లో ఊరందరికీ పోసేది. ఎవరు చచ్చారు?"

ఈ ప్రశ్న నేను వందసార్లు విన్నాను. టీ కొట్టు దగ్గర విన్నాను, పెళ్ళి బంతిలో విన్నాను, ఫ్యామిలీ గ్రూపులో దండం బొమ్మతో సహా చదివాను. ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈసారి నేను నోరు తెరవక ముందే అమ్మ అంది, మెల్లిగా.

"చిన్నమ్మి పొయ్యింది గదన్నా."

మామ మాట్లాడలేదు.

చిన్నమ్మి వాళ్ళ ఆఖరి చెల్లెలు. ఉదయగిరి పక్క పల్లె. 1968. నాలుగేళ్ళ పిల్ల. తట్టు తగ్గుతోందనుకుంటుంటే రొమ్ముకు దిగింది, ఎగశ్వాస వచ్చింది, మూడో రోజు తెల్లారుజామున పోయింది. అమ్మవారు తీసుకుపోయిందన్నారు. ఏ అమ్మవారు? నాలుగేళ్ళ పిల్లతో ఏ అమ్మవారికేం పని? వైరసు తీసుకుపోయింది. 1963లోనే అమెరికాలో దానికి టీకా వచ్చింది. అంతకు ముందు అది ప్రపంచమంతటా ఏటా సుమారు 26 లక్షల మందిని మింగేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎవరు చచ్చారట! చచ్చినవాళ్ళు చచ్చారు గనుకనే అరుగు మీదికొచ్చి మీతో వాదించడం లేదు. బతికి బట్టకట్టినవాళ్ళంతా ఒకచోట చేరి మాకేమీ కాలేదని తీర్మానాలు చేస్తారు. టీకా దొరక్క పోయింది ఆ పిల్ల. ఇప్పుడు దొరుకుతుంటే, టిక్కెట్లకు లక్షలు పోసిన మనం ఒక సూదికి వేపాకు సాక్ష్యం వెతుకుతున్నాం.

సభ అక్కడితో లేచింది.

మర్నాడు మందుల షాపుకెళ్తే, "పెద్దోళ్ళకేంది సార్ పిల్లల సూది?" అని పక్కనున్న నలుగురికీ వినబడేట్టు నవ్వాడు. ఆ షాపు పేరు రాయను, ఊళ్ళో బతకాలి. ఇక మా ఏఎన్ఎం నర్సమ్మను అడిగాను. చేతిలో రిజిస్టరు, భుజాన టీకాల పెట్టె, మొహాన చెమట. "మా దగ్గరది పిల్లలకే సార్, మీరు బయట కొనుక్కోవాల" అంది. వచ్చిందో లేదో తేలడం లేదమ్మా అంటే, "కాగితం లేకపోతే వేయించుకోవడమే. ముందే వచ్చుండినా ఇంకోసారి వేస్తే నష్టమేం లేదు. కడుపుతో ఉన్నోళ్ళకు, క్యాన్సర్ మందులు అట్టాంటివి వాడేవాళ్ళకు మాత్రం వెయ్యరు" అని బండెక్కి పోయింది. రక్తపరీక్ష చేసినా తేలుతుందట, కానీ దానికి పడే తిప్పలతో సూదే అయిపోతుంది. మూడు గంటల మహాసభ తేల్చలేనిది అర నిమిషం పట్టింది.

నెల్లూరు బయల్దేరాం. తట్టు నుంచి ఒక సూది నూటికి 93 మందిని కాస్తుంది, రెండైతే 97. మధ్య 28 రోజులైనా ఉండాలి గనుక ప్రయాణం వెనక్కి జరిపాం. టిక్కెట్టు మార్పుకు పోసిన డబ్బులతో బజారు వీధికంతా టీకాలు వేయించొచ్చు. ఈ తట్టు వైరసు, రోగి గదిలోంచి పోయాక కూడా రెండు గంటల దాకా గాల్లో ఉండగలదట. మా మామ లేచి వెళ్ళినా ఉపన్యాసం అరుగు మీదే ఉన్నట్టు.

మామ మాత్రం పొద్దున్నే కందుకూరు నుంచి దిగాడు. ఎందుకొచ్చావని మేం అడగలేదు, తనూ చెప్పలేదు. కారు ముందు సీట్లో కూర్చుని బిట్రగుంట దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మను, నన్ను అడగాల్సినవన్నీ అడిగి సూదులు రాసింది. మేం లేస్తుంటే మామ ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"నాకూ రాయమ్మా."

ఆమె పెన్ను తీసి పుట్టిన తేదీ అడిగింది.

మామ నా వంక చూశాడు. అమ్మ వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"బళ్ళోదే రాయమ్మా. 1 జూలై 1958."