కయోటీ వంశాభివృద్ధి పథకం

అమెరికాలో కయోటీలు అంతరించిపోతాయేమోనని బెంగపడేవారికి శుభవార్త. వాటిని చంపే కార్యక్రమం నిరాటంకంగా సాగుతోంది. వ్యవసాయ శాఖ కింద పనిచేసే వన్యప్రాణి విభాగం ఒక్కటే ఏడాదికి 60 వేలకు అటూఇటూగా చంపుతోంది. సొంత తుపాకులతో వెళ్లే వేటగాళ్ల లెక్క వేరు. కాబట్టి కయోటీ జాతికి ఇప్పట్లో ఢోకా లేదు.

కయోటీ అంటే మన నక్కకు అమెరికా పాలివాడు. పది పదిహేను కిలోలుంటుంది, తోడేలుకన్నా బాగా చిన్నది. డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు తెల్లారే వాకింగ్‌లో చూసి ఎవరిదో కుక్క తప్పిపోయిందనుకునేది దీన్నే. ఒకప్పుడు పడమటి మైదానాలు, ఎడారులు దాటి ఎరగదు. పెత్తందారైన తోడేలును చాలాచోట్ల తుడిచిపెట్టి, దీనిమీద విషం, ఉచ్చు, తుపాకీ, హెలికాప్టరు ప్రయోగించి వందేళ్లు పాటుపడితే, ఇప్పుడు హవాయి తప్ప 49 రాష్ట్రాల్లోనూ కాపురముంటోంది. దక్షిణాన పనామా దాకా వెళ్లింది. ఏ సంరక్షణ పథకానికి దక్కిందండీ ఇంత ఫలితం?

దీని కిటుకు ఉమ్మడి కుటుంబంలో ఉంది. ఒక్కో మందకు పెద్ద జంట ఒకటే, సాధారణంగా పిల్లల్ని కనేదీ అదే. నిరుటి పిల్లలు పెళ్లీ పెటాకులూ లేకుండా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేత మోస్తుంటాయి. పెద్దావిడ బతికున్నంతకాలం ఇంట్లో క్రమశిక్షణే. ఆవిణ్ణి కాల్చేస్తే మంద చెదిరి, ఎవరి కాపురం వాళ్లది. ఆపైన 63 రోజుల గర్భం, ఈతకు సగటున ఆరు పిల్లలు. తినే నోళ్లు తగ్గి కుందేళ్లు మిగులుతాయి కనుక పిల్లలూ ఎక్కువే దక్కుతాయి. ఖాళీ అయిన జాగాలోకి నిలువ నీడలేక తిరిగే బ్రహ్మచారులు దిగుతారు. 1975లో కనోలీ, లాంగ్‌హర్స్ట్ అనే పరిశోధకులు లెక్కగట్టారు: ఏటా నూటికి 75 చొప్పున చంపుకుంటూ పోతే జాతి అంతరించడానికి 50 ఏళ్లు దాటుతుందట. మధ్యలో ఆపితే మూడు నుంచి ఐదేళ్లలో మళ్లీ మొదటికే.

వేటలో విద్యాబోధన కూడా ఉంది. చావుబతుకుల్లో ఉన్న కుందేలులా అరిచే పెట్టెను గాలి వచ్చే వైపు నలభై గజాల దూరంలో పెట్టి, పొదకు వీపు ఆన్చి, పదిహేను ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. కయోటీ తిన్నగా రాదు. చుట్టు తిరిగి, గాలి వాలులోకి వచ్చి వాసన చూస్తుంది. ఆ దారి ముందే చూసుకోని వేటగాడికి దాని తోక కూడా కనబడదు. తొందరపడి గురి తప్పితే దాని చదువు పూర్తయినట్టే, మళ్లీ ఆ అరుపు వినబడితే ఆమడ దూరం పోతుంది. దొరికేవి ఎక్కువగా ఆరేడు నెలల కుర్రకుంకలు, వాటిలో చాలా వాటికి ఎలాగూ చలికాలం గడవదు.

అదృష్టవంతుణ్ణి మనం నక్కతోక తొక్కాడంటాం. యూటా రాష్ట్రంలో తొక్కితే చాలదు. మ్యూల్ జింక పిల్లల్ని కాపాడటానికని 2012లో అక్కడ కయోటీకి 50 డాలర్ల బహుమానం పెట్టారు. మొదట్లో రెండు చెవులతో సహా నెత్తి తోలూ, కింది దవడా దాఖలు చేయాల్సి వచ్చేది. జింకలు ఈనే కొండల్లో, ఈనే రోజులకు ముందు చంపితే ఏదో ఫలితం ఉండొచ్చు. కానీ 50 డాలర్లలో పెట్రోలు గిట్టాలిగా, రోడ్డు ఎక్కడిదాకా ఉంటే సంరక్షణా అక్కడిదాకానే.

ఇక గొర్రెల సంగతి. నష్టం నిజమే, కాదనకూడదు. కానీ చచ్చిన ప్రతి గొర్రె పాపమూ కయోటీది కాదు. మెడ దగ్గర తోలు ఒలిచి చూడాలి. గొంతుమీద కోరల గాట్లు, వాటి చుట్టూ తోలు కింద నెత్తురు కమిలి ఉంటే బతికుండగా పట్టినట్టు. కమలకపోతే చచ్చినదాన్ని తిన్నట్టు. తొడలూ చెవులూ చీలికలైతే ఊరకుక్కల పనేమో చూసుకోవాలి. గొర్రెపిల్లల్ని ఎక్కువగా పట్టేది వసంతంలో పిల్లల్ని సాకుతున్న పెద్ద జంట. గొర్రెలు ఈనడానికి ముందు ఆ జంటనే ఏరి తీస్తే ఆ ఏటికి ఊరట. పై ఏడు మళ్లీ రీచార్జ్. గొర్రె జోలికి రాని జంటను కాలిస్తే మాత్రం, దాని చోటికి ఏ రుచి మరిగినది వస్తుందో తెలియదు.

గ్రేట్ పిరనీస్ కాపలా కుక్కను ఎనిమిది వారాల వయసు నుంచే గొర్రెల్లో పెంచడం, రాత్రి దొడ్లో తోలడం, చచ్చిన గొర్రెను ఆ రోజే పూడ్చడం వంటి ఉపాయాలూ ఉన్నాయి. కుక్కపిల్లను ముద్దుచేసి ఇంట్లో పెంచితే అది మందను వదిలి వరండా కాస్తుంది. అయినా వీటికి పోటీలు పెట్టలేం, బహుమతులివ్వలేం. వేట పోటీల్లో బరువైన కయోటీకొక బహుమతి, చిన్నదానికొకటి ఇచ్చే చోట్లున్నాయి. బహుమతుల్ని కాలిఫోర్నియా 2014లో ఆపింది. వెర్మాంట్ 2018లో, న్యూ మెక్సికో 2019లో పోటీలనే నిషేధించాయి. పాపం, వంశాభివృద్ధికి కాస్త వెనకడుగే.

నిజమైన ఎదురుదెబ్బ మాత్రం ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో తగిలింది. 1995లో తోడేళ్లను తెచ్చి వదిలితే, నాలుగేళ్లు తిరగకుండా ఉత్తర భాగంలో కయోటీలు దాదాపు సగానికి పడిపోయాయి. ఒక్క తోడేలూ దవడ దాఖలు చేయలేదు, 50 డాలర్లు అడగలేదు. ప్రభుత్వాలు మేల్కొన్నాయి లెండి. ఐడహో, మోంటానాల్లో ఇప్పుడు తోడేళ్ల వేటకు లైసెన్సులు అమ్ముతున్నారు.