కస్టమర్ వైపు తిప్పిన స్క్రీన్ ఎవరిది?

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో మా ఇంట్లో ఏ పెళ్ళయినా కార్డులు కొట్టించే డీటీపీ షాపు ఒకటుండాది. మొన్న మా చెల్లెలి కార్డు ప్రూఫ్ చూసేదానికి పోతే ఆ ఓనరూ ఆయన మేనల్లుడూ తగులుకున్నారు. మామకి రెండు మానిటర్లు, ఒకటి ఆయన ముందర, రెండోది బల్ల మీద మనవైపు తిప్పి పెట్టినాడు. అల్లుడు చిత్తూరులో ఇంట్లో కూచునే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, ల్యాప్‌టాప్ పక్కన ఇంకో రెండు తగిలించుకుని. విన్నది విన్నట్టు రాస్తా ఉండా, మధ్యలో నా నోరు కూడా లేస్తుంది, ఏమనుకోవద్దు.

అల్లుడు: మామా, ఈ రెండోదాంట్లో టాస్క్‌బార్, అదే కింద ఉండే పట్టీ, ఎందుకు తీసేసినావు? ఫైల్ మార్చాలంటే మౌస్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి ఈడ్చుకుని పోతా ఉండావు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, దాంట్లో టాస్క్‌బార్, అన్ని డిస్‌ప్లేల్లో చూపించమని ఒక్క టిక్కు పెడితే అయిపాయె.

మామ: ఆ టిక్కు తీసిందే నేను. దాని ముందర కూచునేది నేనా? కస్టమరు. కింద పట్టీలో ఫైల్ పేర్లన్నీ వరసగా కనపడతాయా, ఇంక వచ్చినామె తన కార్డు చూడదు, పక్కోళ్ళది తెరవండి ఒకసారి, మాకు అదే మోడల్ కావాల అంటాది. అరగంట పాయె.

అల్లుడు: దానికీ ఆప్షన్ ఉంది కదా. ఏ విండో ఏ స్క్రీన్లో ఉంటే దాని బటన్ ఆ స్క్రీన్ పట్టీలోనే కనపడేట్టు పెట్టుకోవచ్చు. విండోస్ 7 దాకా రెండో మానిటర్‌కి పట్టీయే లేదు మామా, డిస్‌ప్లేఫ్యూజన్ లాంటి సాఫ్ట్‌వేర్లు విడిగా వేసుకోవాల్సి వచ్చేది, 2012లో విండోస్ 8తో వాళ్ళే ఇచ్చినారు, నువ్వేమో ఇచ్చినదాన్ని ఆపేసి కూచున్నావు.

మామ: ఎవురిని తల్చుకుని ఇచ్చినారో అది చెప్పు ముందు. నీలాంటోడిని. గదిలో నువ్వొక్కడివే, మూడు స్క్రీన్లకీ నువ్వే రాజు.

అల్లుడు: అవును, నాకు మూడూ కలిపి ఒకటే బల్ల. ఎడమ పక్క కోడు, నడుమ బ్రౌజరు, కుడి పక్క మీటింగు. విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని బాణం కొడితే విండో పక్క స్క్రీన్‌కి దూకుతాది. అడ్డం లేకుండా పని జరగాలంటే అట్లనే ఉండాల.

మామ: దూకుతాది, నేను కొట్టకపోయినా దూకుతాది! మధ్యాన్నం అన్నానికి పోయేటప్పుడు ఈ మానిటర్ ఆపేసి పోతానా, వచ్చి వేస్తే దాంట్లోవన్నీ వచ్చి నా దాంట్లో కుప్ప. ఎవురు చెప్పినారు దానికి?

అల్లుడు: నువ్వు వేసిన కేబుల్ డిస్‌ప్లేపోర్ట్. దాంతో చాలా మానిటర్లు బటన్ నొక్కి ఆపితే సిస్టం లెక్కలో మానిటర్ పీకేసినట్టే, ఉన్నవన్నీ తెచ్చి మిగిలినదాంట్లో పెడతాది, లేకపోతే కనపడని చోట ఉండిపోతాయి కదా. విండోస్ 11లో ఏ మానిటర్లో ఏ విండో ఉన్నిందో గుర్తు పెట్టుకునే టిక్కు ఉంది. నీది ఇంకా 10, దానికి 2025 అక్టోబర్ 14తోనే సపోర్ట్ అయిపాయె, సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా ఇంక రావు.

మామ: నేను కార్డులు దిద్దే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకోటి రానే లేదు. అనూ ఫాంట్లు వేసుకుని ఈ పొద్దుకీ నాకు అన్నం పెడతా ఉండాది. సపోర్ట్ అంట.

(ఇది మాత్రం సరైన జవాబు కాదు. నెట్ ఉన్న మిషన్ని అట్ల వదిలేయకూడదు. కానీ ఆ మాట అనే ధైర్యం నాకు లేదు, కార్డులు ఆయన చేతిలో ఉండాయి.)

అల్లుడు: సరే, పోనీ. పని పనికి ఒక డెస్క్‌టాప్, అంటే దాని విండోలకి విడిగా ఒక తెర, చేసుకో. విండోస్ కీ, కంట్రోల్, డీ కొడితే కొత్తది వస్తాది. కార్డులు ఒకదాంట్లో, ఫ్లెక్సీలు ఒకదాంట్లో.

మామ: చేసినానురా అది కూడా. నా దాంట్లో ఫ్లెక్సీకి మారితే కస్టమర్ ముందర ఉన్న కార్డు కూడా మాయం. రెండు స్క్రీన్లూ ఒకేసారి మారతాయి. ఆయన తాత పేరులో దీర్ఘం చూసుకుంటా ఉంటే నేను బొమ్మ లాగేసుకున్నట్టు కాదా?

అల్లుడు: (కొంచెం తగ్గి) అది నిజమే. మ్యాక్‌లో 2013 నుంచి ఏ డిస్‌ప్లేకి ఆ డిస్‌ప్లేనే మారేట్టు ఉంది. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ అయితే ఇంకా నీ టైపు, మామూలుగా మెయిన్ స్క్రీనే మారుతుంది, రెండోది కదలదు.

మామ: చూసినావా! వాళ్ళకి తెలిసింది.

అల్లుడు: అదే నాకు కంపరం మామా, నేను పని మార్చినాక పక్కన పాత పని అట్లనే కూచోనుంటే ఎట్ల? నీకు అట్లే కావాలంటే విండోస్‌లోనూ దారి ఉంది, తెరిచినవన్నీ ఒకచోట చూపించే టాస్క్ వ్యూ తెరిచి కార్డు విండో మీద రైట్ క్లిక్ కొట్టి, అన్ని డెస్క్‌టాప్‌లలో చూపించు అని పెట్టు. అది కదలదు, మిగతావి మారతాయి.

మామ: (గుంభనంగా) ఇది ముందే చెప్పకూడదా.

అల్లుడు: నువ్వు ఇంత పట్టు పట్టేది ఫైల్ పేర్ల కోసం కాదు మామా. ఏమో జరిగింది.

మామ చాయ్ గ్లాసు పక్కన పెట్టి తలుపు వైపు ఒకసారి చూసి మొదలుపెట్టినాడు. సంక్రాంతికి ముందర పిల్లోడు దుమ్ము తుడుస్తా వైర్లు పీకి ఒకదాని చోట ఇంకోటి పెట్టినాడంట. ఒక పెద్దాయన కార్డు చూసుకుంటా ఉంటే ఆయన స్క్రీన్ మూలన వాట్సాప్ మెసేజ్ లేచింది, శివకాశి నుంచి: కార్డు 11 రూపాయలకి ఫైనల్. మామ అప్పుడే ఆయనకి 19 అని చెప్పి, మనోళ్ళని తగ్గించినా అని కూడా అన్నాడంట.

అల్లుడు: (నవ్వు ఆపుకోలేక) నోటిఫికేషన్ మెయిన్ డిస్‌ప్లేలోనే వస్తాది మామా. వైర్లు వేరే పోర్టులో పడినాయి కాబట్టి కస్టమర్‌ది మెయిన్ అయిపోయింది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నీ స్క్రీన్ ఎంచుకుని మెయిన్ చేసేస్తే సరి. ఐడెంటిఫై కొడితే ఏది 1, ఏది 2 అని పెద్దగా చూపిస్తాది కూడా.

మామ: ఆ పూటే చేసినాను. అయినా నమ్మకం లేదు. ఇది నా మిషనే, కరెంటు బిల్లు నాదే, కానీ ఆ పక్క స్క్రీన్ నాది కాదు. నీ సిస్టానికి ఆ సంగతి తెలవదు.

అల్లుడు: మీటింగులో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు నాకూ ఇదే గుబులు, అందుకే నోటిఫికేషన్లు ఆపేసుకుంటా. ఆ ఒక్కదాంట్లో నువ్వే గెలిచినావు. మిగతాదాంట్లో కాదు.

ఈ మాటల సందులో నేను, అన్నా, మా కార్డుకి ఎంత పడతాది అని అడిగినాను. అల్లుడు లేచి బయటికి పోయినాడు. మామ బల్ల మీద ఫోను బోర్లా తిప్పి పెట్టి, నీకు 17 వేస్తాలేప్పా అన్నాడు.