ఆగర్ గారికి, రోమా కోళ్ల గూటి చిరునామాకు

మహారాజశ్రీ ఆగర్ క్రియాపదం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. రుతుపవనాలు కేరళ తీరం తాకాయంటే చాలు, ఇంగ్లీషు పేపర్లలో తమరి దర్శనం ఖాయం. వానలు మార్కెట్టుకు 'ఆగర్ వెల్' అట, అంటే శుభసూచకమట, కార్ల అమ్మకాలు ఆర్థిక వ్యవస్థకు 'ఆగర్ వెల్' అట. చెడు కబురైతే 'వెల్' తీసేసి 'ఇల్' తగిలించుకుని దానికీ తమరే హాజరు. ఏ ఎండకా గొడుగు!

మీ పూర్వాశ్రమం కాస్త విన్నాను. ప్రాచీన రోమా నగరంలో మీరు క్రియ కాదు, మనిషి. కొలువులో ఉన్న పూజారి. వంకీ కర్రతో ఆకాశానికి హద్దులు గీసి, అందులో ఏ పక్షి ఎటు ఎగిరిందో, ఎలా కూసిందో చూసి దేవతల సమ్మతి చెప్పేవారు. మీ పేరు పక్షి నుంచి వచ్చిందా, వృద్ధి అనే ధాతువు నుంచి వచ్చిందా అని పండితులు ఇంకా తగువాడుకుంటున్నారు. సొంత పుట్టుకే తేలనివారు మా భవిష్యత్తు చెబుతున్నారు! నవ్వే అర్హత మాకూ లేదనుకోండి, సంస్కృతంలో శకునమన్నా పక్షే. మీ చుట్టం ఇనాగరేషన్, అదే ప్రారంభోత్సవం, అయితే పక్షుల ఊసే మరిచి, బ్యాంకు శాఖైనా బిర్యానీ హోటలైనా కత్తెర పట్టుకుని సిద్ధం.

అన్నిటికంటే నాకు నచ్చింది కోళ్ల వ్యవహారం. శకునం చూడటానికి రోమా సేనాని వెంట గూళ్లలో కోళ్లు, వాటికి కాపర్లు. మేత వేస్తే ఆబగా తిని ముక్కు నుంచి గింజలు నేల రాలాలి, అప్పుడే యుద్ధం. క్రీ.పూ. 249లో సిసిలీలోని డ్రెపానా దగ్గర కోళ్లు మేత ముట్టలేదు. సేనాని క్లాడియస్ పుల్కర్‌కు ఒళ్లు మండి, తినకపోతే తాగనివ్వండని వాటిని సముద్రంలో పారేయించాడని కథ. 93 ఓడలు శత్రువు పాలయ్యాయి. ఇంటికొచ్చాక జరిమానా కూడా పడింది. కడుపు మాడ్చిన కోడి మేత చూస్తే ఎగబడక ఏం చేస్తుంది, ఇందులో దైవమెక్కడుందని రోమా వక్త సిసెరో రాశాడు. ఆయనా ఆగరే. పదవి మాత్రం వదల్లేదు! సంక్రాంతికి కుక్కుట శాస్త్రం తిరగేసి కాకి మీదా డేగ మీదా పందెం కాసే మా భీమవరం వాళ్లు నయం, పోతే సొంత డబ్బే పోతుంది.

అసలు సంగతి క్రీ.పూ. 293 నాటిది. ఇటలీలోని అక్విలోనియా యుద్ధంలో కోళ్లు తినకపోయినా తిన్నాయని కాపరి అబద్ధమాడాడు. విషయం చెవిన పడ్డా సేనను నడిపే కాన్సుల్ (రోమా పాలకాధికారి) పపిరియస్ కంగారు పడలేదు. నాకు అందింది శుభశకునమే, అబద్ధమైతే పాపం చెప్పినవాడిది అన్నాడు. అని, కాపర్లను తీసుకెళ్లి మొదటి వరసలో నిలబెట్టాడు. పోరు మొదలవకముందే ఎటునుంచో వచ్చిన ఈటె ఆ అబద్ధాలకోరుకే తగిలింది. దోషికి శిక్ష పడిందని సైన్యం హుషారుగా కదిలి గెలిచింది. రోమా చరిత్రకారుడు లివీ రాసిన ముచ్చట ఇది. అందులో దేవతల పాలెంతో గానీ, పపిరియస్ బుర్రకు మాత్రం దండం పెట్టాలి.

అందుకే అడుగుతున్నాను. అప్పట్లో శకునం చెప్పినవాడికి పేరు, కర్ర, పదవి ఉండేవి. తేడా వస్తే మెడ పట్టుకోవచ్చు. ఇంగ్లీషులోకి వచ్చి మీరు క్రియ అవగానే మనిషి మెల్లగా జారుకున్నాడు. ఇప్పుడు వాన శకునం చెబుతుంది, అంకె చెబుతుంది, సర్వే చెబుతుంది. మేత వేసినవాడి ఊసు వాక్యంలో ఎక్కడా ఉండదు. రేపు షేర్లు కుప్పకూలితే ఎవరిని నిలదీయాలి, నైరుతి మేఘాన్నా?

ఇకమీదట పేపర్లోకి దయచేసేటప్పుడు కాపరిని వెంటబెట్టుకుని రండి. రోమాలో ఓట్ల సభను ఆపడానికి మీ ఆగర్లకు 'వేరొక రోజు' అనే రెండు ముక్కలు చాలేవట. ఈ ఉత్తరానికి ఆ జవాబు చెల్లదు.

ఇట్లు,
చందా కట్టి పేపరు చదివే ఒకడు